తాలింపుకి ముందు తీసిన ముద్ద

మా ఆఫీసు క్యాంటీన్లో రాజకీయాల కన్నా వేడిగా సాగే చర్చ ఒకటుంది. కుక్కకి ఇంటి తిండి పెట్టొచ్చా, కూడదా? ఒక పార్టీ వాళ్ళు ప్యాకెట్ తప్ప ఇంకేం పెట్టినా నేరమే అంటారు. రెండో పార్టీ వాళ్ళు "మా తాత కుక్క జొన్న సంకటి తిని పదిహేనేళ్ళు బతికింది, దానికి ఏ ప్యాకెట్లు పెట్టాం?" అంటారు. నేను రెండో పార్టీ. ఉత్త సభ్యుణ్ణి కాదు, ప్రచార కార్యదర్శిని :) పోయినేడాది శ్రీరామనవమి వరకూ.

ఆ రోజు ఇంట్లో పులిహోర చేశారు. మా గోళీగాడు (పన్నెండు కిలోల నాటు కుక్క, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర దొరికినవాడు) గిన్నె ముందు కూర్చుని చూసిన చూపుకి కరిగిపోయి నేనే రెండు గరిటెలు వేశాను. పండగ కదా, వాడికి మాత్రం వద్దా అని. రాత్రికి వాంతులు మొదలయ్యాయి. తెల్లారి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే రక్త పరీక్షలో కిడ్నీ అంకెలు ఉండాల్సిన దానికంటే పైన ఉన్నాయి. రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. పులిహోర వల్లేనా అని అడిగితే ఆయన కచ్చితంగా అవునని అనలేదు, కాదనీ అనలేదు. "చింతపండు వేశారా?" అని మాత్రం అడిగారు. చింతపండు లేకుండా పులిహోర ఎలా చేస్తారు సార్ అనబోయి నోరు మూసుకున్నాను.

బిల్లు కట్టి ఇంటికొచ్చాక నన్ను తొలిచింది ఒకటే ప్రశ్న. అమ్మమ్మ వాళ్ళింట్లో కుక్కలు తరతరాలుగా ఇంటి తిండే తిన్నాయి కదా, మరి వాటికేం కాలేదేం? నా పార్టీ మొత్తం ఆ ఒక్క వాదన మీదే నిలబడి ఉంది. దాని పునాది తవ్వి చూద్దామని కూర్చుంటే చాలా దూరమే వెళ్ళాల్సొచ్చింది.

అమ్మమ్మ వాళ్ళ ఊరు పాల్వంచ దాటాక బూర్గంపాడు వైపు, అడవి అంచున. మా చిన్నప్పుడు ఖమ్మం జిల్లా, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం. ఇంకొంచెం అవతల ఉన్న కుక్కునూరు, వేలేరుపాడు 2014లో ఆంధ్రలోకి వెళ్ళాయి. ఈ నేల మీద గీతలు మారడం కొత్తేం కాదులెండి. అమ్మమ్మ పుట్టేనాటికి ఇవతల పాల్వంచ నైజాం, గోదావరి దాటితే భద్రాచలం మద్రాసు ప్రెసిడెన్సీ. ఇప్పుడు అమ్మమ్మకి ఎనభై దాటాయి. తన చిన్నతనం గురించి అడిగితే మొదట చెప్పేది తిండి గురించే. పొద్దున అంబలి, మధ్యాహ్నం గటక, రాత్రికి మళ్ళీ గటక. అన్నీ జొన్నవే. వరన్నం అంటే పండక్కో, చుట్టం వస్తేనో. లోపల కోయగూడేల్లో, ఇంకా పైన కొండరెడ్ల ఊళ్ళలో ఆ జొన్న కూడా ఏడాదంతా ఉండేది కాదు.

కొండరెడ్ల గురించి చక్కగా రాసిపెట్టినాయన క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్-హైమన్‌డార్ఫ్. ఆస్ట్రియా మనిషి. 1939లో యుద్ధం మొదలయ్యే వేళకి ఇక్కడ ఉన్నాడు, చేతిలో జర్మన్ పాస్‌పోర్టు. శత్రుదేశస్థుడని నైజాం రాజ్యం దాటి పోకుండా కట్టడి చేశారు. ఆ కట్టడిలోనే చెంచుల దగ్గరా, పాపికొండల రెడ్ల దగ్గరా తిరిగి, 1945లో రెడ్ల మీద పుస్తకం వేశాడు. (నాకు లాక్‌డౌన్‌లో అంత తీరిక దొరికితే వెబ్ సిరీస్‌లు చూశాను.) పోడు పంట అయిపోయాక కొండరెడ్లు జీలుగు చెట్టు మొదలు కొట్టి లోపలి పిండి తీసుకుని తినేవాళ్ళు, మామిడి టెంకల జీడి నానబెట్టి జావ కాచుకునేవాళ్ళు. మనుషులకే టెంకల జావ అయిన రోజుల్లో కుక్కకి విడిగా వండి పెట్టేదెవరు? అదే కుండ అడుగున మిగిలింది దానికి. మిగలకపోతే అది అడవిలోకి పోయేది. వేటకి వెంట తీసుకెళ్ళిన కుక్కకి పేగులో, ఎముకలో దొరికేవి. ఊళ్ళో ఉన్నది ఎలుకనో, తొండనో పట్టుకునేది.

ఇదే నేను ఇన్నాళ్ళూ లెక్కలో వేసుకోని సంగతి. "మా తాత కుక్క జొన్న సంకటి తిని బతికింది" అన్నప్పుడు, తాత పెట్టింది మాత్రమే మనకి గుర్తుంది. కుక్క స్వయంగా సంపాదించుకున్నది మన లాగ్‌లో రికార్డు కాలేదు. చచ్చిపోయిన కుక్కలు కూడా రికార్డు కాలేదు. అమ్మమ్మని గుచ్చి గుచ్చి అడిగితే, ఒక ఈతలో ఆరు పిల్లలు పుడితే రెండు నిలిస్తే గొప్ప అంది. పదిహేనేళ్ళు బతికిన దాని గురించి కథ చెప్పుకున్నాం, పదిహేను రోజులకి పోయినవాటికి కథ లేదు.

అయితే ప్యాకెట్ పార్టీ వాళ్ళు ఇంకో మాట అంటారు, కుక్క అంటే తోడేలే, దానికి గింజలు అరగవు అని. ఇది మాత్రం తప్పు. 2013లో స్వీడన్ శాస్త్రవేత్తలు కుక్కల జన్యువుల్ని తోడేళ్ళ జన్యువులతో పోల్చి చూశారు. పిండి పదార్థాన్ని అరిగించే ఎంజైమ్ అమైలేజ్. దాన్ని తయారుచేసే జన్యువు తోడేలుకి రెండే ప్రతులు, కుక్కలకి నాలుగు నుంచి ముప్పై దాకా. మూడేళ్ళ తర్వాత యూరప్‌లో దొరికిన పాత కుక్కల ఎముకల్ని పరీక్షిస్తే, ఈ మార్పు ఏడు వేల ఏళ్ళ కిందటికే కొన్నింట్లో వచ్చేసిందని తేలింది. వ్యవసాయంతో సంబంధం లేకుండా బతికిన ఆస్ట్రేలియా డింగోలకి మాత్రం ఇప్పటికీ రెండు ప్రతులే. అంటే మనిషి గింజ పండించడం మొదలుపెట్టాక, ఆ ఇంటి గుమ్మంలో కూర్చున్న జంతువు కడుపు కూడా గింజకి అలవాటు పడింది. గటక కుక్కకి పరాయి తిండి కాదు.

ఇక్కడికి మా పార్టీ గెలిచినట్టే అనుకున్నాను. అప్పుడు తగిలింది అసలు కథ. ఎక్కడో కాదు, హైదరాబాదులో, తార్నాకలో. మన ఎన్ఐఎన్ తెలుసుగా, జాతీయ పోషకాహార సంస్థ? ఉస్మానియా యూనివర్సిటీ వైపు వెళ్ళేటప్పుడు రోజూ చూసే గేటే.

దానికి ముందు అమెరికా కథ కాస్త చెప్పాలి. వందేళ్ళ కిందట అక్కడి దక్షిణ రాష్ట్రాల్లో మొక్కజొన్న మీద బతికే పేదవాళ్ళకి పెల్లగ్రా అనే జబ్బు వచ్చేది. ఎండ తగిలిన చోటల్లా చర్మం నల్లబడి పొరలు రేగడం, విరేచనాలు, చివరికి మతి చలించడం. అదే ప్రాంతంలో కుక్కలకి నోరు పుండై నాలుక నల్లబడి చచ్చిపోయే జబ్బు ఒకటుండేది, దాన్ని నల్లనాలుక అనేవాళ్ళు. జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అనే ప్రభుత్వ డాక్టర్ పెల్లగ్రా అంటువ్యాధి కాదు, తిండి లోపం అని నమ్మినవాడు. 1920లలో కుక్కలకి ఆ పేదవాళ్ళ తిండే పెట్టి చూశాడు. తినడానికి మొరాయిస్తుంటే ఆకలి పుట్టడానికి కాస్త ఈస్ట్ కలిపారు. ఆ ఈస్ట్ తిన్న కుక్కలకి జబ్బు రాలేదు! ఈస్ట్‌లో ఏముందో తెలియకుండానే ఆయన 1929లో పోయాడు. 1937లో విస్కాన్సిన్‌లో కాన్రాడ్ ఎల్వెహెమ్ నల్లనాలుక వచ్చిన కుక్కలకి నికోటినిక్ ఆమ్లం ఇచ్చి బాగుచేసి చూపించాడు. మనం ఇప్పుడు నియాసిన్ అంటున్న విటమిన్ అదే. మనుషుల జబ్బుకి మందు కుక్క నోట్లో దొరికింది.

ఇప్పుడు తార్నాకకి వద్దాం. పోషకాహార పరిశోధనశాల మొదట కూనూరులో ఉండేది, 1958లో హైదరాబాదుకి మారింది. ఇక్కడికొచ్చాక అక్కడి డాక్టర్లకి ఒక చిక్కుముడి ఎదురైంది. దక్కన్‌లో పెల్లగ్రా కేసులు వస్తున్నాయి, కానీ వచ్చేవాళ్ళు మొక్కజొన్న తినేవాళ్ళు కాదు. జొన్న తినేవాళ్ళు. జొన్నలో మరీ నియాసిన్ తక్కువేం కాదు, శరీరం నియాసిన్‌గా మార్చుకునే ట్రిప్టోఫాన్ కూడా మొక్కజొన్నలో అంత తక్కువగా లేదు. మరెందుకు వస్తోంది? జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ, అది నియాసిన్ పనికి అడ్డుపడుతోందేమో అని సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య 1960లో లాన్సెట్‌లో రాశారు. 1965లో భవానీ బెలవాడి, గోపాలన్ అదే పత్రికలో ఇంకో వ్యాసం వేశారు. కుక్కలకి జొన్న ప్రధానంగా ఉన్న తిండి పెట్టారు. వాటికి నల్లనాలుక వచ్చింది.

చదివి కాసేపు స్క్రీన్ వైపు అలా చూస్తూ ఉండిపోయాను. నేను క్యాంటీన్లో గొప్పగా చెప్పే జొన్న సంకటి కుక్క, 1965లోనే హైదరాబాదు లాబ్‌లో నోరు పుండై కూర్చుంది. లూసిన్ సిద్ధాంతం మీద తర్వాత చాలా చర్చ జరిగింది, బి6 లాంటి విటమిన్ల పాత్ర కూడా ఉందని అదే సంస్థవాళ్ళు చూపించారు. ఆ వివరాల్లోకి నేను పోను, నా చదువు దానికి చాలదు. కానీ ఆ బోనులో ఉన్న కుక్కకీ, అమ్మమ్మ వాకిట్లో కుక్కకీ పెట్టిన గింజ ఒకటే. తేడా ఏంటంటే బోనులోది ఎలుకని పట్టుకోలేదు, కోడి పేగులు దొరకవు. వాళ్ళు తూచి పెట్టిందే దాని ప్రపంచం.

మా గోళీగాడు బతికేది మూడో అంతస్తులో. సంకటి అయితే దొరకదు గానీ, బోను మాత్రం అదే.

అంబలి నుంచి అన్నానికి మనం మారిన కథ కూడా ఇందులో కలుస్తుంది. 1930 ప్రాంతంలో నైజాం కాలంలో వైరా, పాలేరు చెరువులు కట్టారు, ఆ కింద మాగాణి అయింది. 1967లో నాగార్జునసాగర్ కాలువలకి నీళ్ళు వదిలారు, ఎడమ కాలువ ఖమ్మం వైపుకొచ్చాక వరి ఆ జిల్లా పల్లపు ప్రాంతాల్ని కప్పేసింది. నీళ్ళు రాని అడవి ఊళ్ళకి 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయల బియ్యం వచ్చింది. అమ్మమ్మ లెక్కలో తన కాపురం రెండు భాగాలు, గటక కాలం, కంట్రోలు బియ్యం కాలం. కుక్క గిన్నె కూడా అదే ఏడాది మారింది. దాన్నెవరూ అడగలేదనుకోండి. పాలిష్ బియ్యంలో వంద గ్రాములకి కాల్షియం పది మిల్లీగ్రాములు. జొన్నలో పాతిక. రాగిలో 344. ఇవి ఎన్ఐఎన్ వాళ్ళు ఎన్నో ముద్రణలుగా వేసిన ఆహార విలువల పట్టికలోవే, 1971 నాటి గోపాలన్ కూర్పు చాలామంది ఇళ్ళలో అలమరాలో కనపడుతుంది.

బియ్యం కన్నా పెద్ద మార్పు బియ్యం పక్కన జరిగింది. గటకలోకి నంజుడు ఏముండేది? కాస్త ఉప్పు, పచ్చిమిరపకాయ, ఉంటే చారు. ఇప్పుడు మన కంచంలో అన్నం చుట్టూ ఉన్నదాన్ని చూడండి. ఉల్లి, వెల్లుల్లి, అల్లం పేస్టు, నూనె, మసాలా. "ఇంటి తిండి" అన్న మాట అదే, లోపలి సరుకు వేరు. ఫంక్షన్ పేరు మార్చకుండా కోడ్ మొత్తం మార్చేసినట్టు. దాన్ని పిలిచే కుక్కకి ఆ సంగతి తెలీదు.

ఉల్లి సంగతి చాలామందికి తెలిసిందే అయినా మళ్ళీ చెప్తాను. ఉల్లిలో ఉండే గంధకపు పదార్థాలు కుక్క ఎర్ర రక్తకణాల్ని దెబ్బతీస్తాయి. కుక్క బరువులో అర శాతానికి మించి ఒకేసారి తింటే విషమే. గోళీగాడికి అది అరవై గ్రాములు, అంటే ఒక్క ఉల్లిపాయ. వండినా, ఎండబెట్టి పొడి చేసినా ఆ గుణం పోదు. బిర్యానీ మీద చల్లే వేయించిన ఉల్లి ఇంకా దారుణం, నీరంతా పోయి గుప్పెడులోనే నాలుగు ఉల్లిపాయలు ఉంటాయి. "కుక్కకి నెయ్యి అరగదు" అని మనవాళ్ళు వెటకారంగా వాడే మాట కూడా వైద్యపరంగా మరీ కొట్టిపారేసేది కాదు. కొవ్వు ఎక్కువైన తిండి ఒక్కసారిగా పడితే క్లోమం వాచి ప్రాణం మీదికొచ్చే కుక్కలు ఉన్నాయి. పండగ మర్నాడు డాక్టర్ల దగ్గర రద్దీ అందుకే.

ఇక చింతపండు. ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కల కిడ్నీల్ని పాడుచేస్తాయని చాలాకాలంగా తెలుసు, ఎందుకో తెలీదు. అమెరికాలో జంతువుల విషప్రయోగ కేంద్రంలో పనిచేసే డాక్టర్లు, బేకింగ్‌లో వాడే క్రీమ్ ఆఫ్ టార్టార్ తిన్న కుక్కకీ, చింతపండు తిన్న కుక్కలకీ అచ్చం అలాగే కిడ్నీలు దెబ్బతినడం గమనించారు. మూడింట్లోనూ ఉన్నది టార్టారిక్ ఆమ్లం. 2021, 2022లలో ఆ సంగతి పత్రికల్లో రాశారు. ద్రాక్ష గురించి ప్రపంచమంతా హెచ్చరికలు ఉన్నాయి. మనింట్లో ద్రాక్ష ఏడాదికి రెండు నెలలు, చింతపండు ఏడాది పొడుగునా, పప్పులో, చారులో, పులుసులో, పులిహోరలో. భద్రాచలం ఏజెన్సీలో అయితే చింతపండు పంట లాంటిదే. కోయవాళ్ళు ఏరి, కొట్టి, గింజ తీసి గిరిజన సహకార సంస్థకి అమ్ముతారు. అలాంటి చోట కుక్కలకి ఏమీ కాకుండా ఎలా ఉంది? అమ్మమ్మకి ఫోన్ చేసి అడిగాను, కుక్కకి పులుసన్నం పెట్టేదానివా అని.

"పులుసెందుకు పోస్తార్రా దానికి? పులుసు మనకే చాలేది కాదు. కుండ దించంగానే, ఉప్పూ కారం పడకముందే దాని ముద్ద తీసి పక్కన పెట్టేదాన్ని. తాలింపు పెట్టినంక తీసింది కుక్కకి పెట్టకూడదని మా అత్త చెప్పేది."

ఎందుకు కూడదో అత్త చెప్పిందా అంటే లేదు. పొదుపు కావొచ్చు, నూనె ఖరీదు కావొచ్చు. అనుభవం కూడా కావొచ్చు. నాకు ఆ నియమం మొత్తం కథలోకెల్లా విలువైనదిగా కనిపించింది. మా పార్టీవాళ్ళం అమ్మమ్మ సంకటిని గుర్తుపెట్టుకున్నాం గానీ, తాలింపుకి ముందు అన్న షరతుని వదిలేశాం.

ప్యాకెట్ పార్టీ వాళ్ళు మరీ విర్రవీగక్కర్లేదు, వాళ్ళ చరిత్ర కూడా నిన్నమొన్నటిదే. 1860లలో జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికన్ లండన్‌లో కుక్క బిస్కెట్లు అమ్మడం మొదలుపెట్టాడు. గోధుమ, బీట్‌రూట్, మాంసం కలిపి కాల్చినవి. ఆ తర్వాత 1922లో గుర్రపు మాంసం డబ్బాలు. రెండో ప్రపంచ యుద్ధంలో రేకుకి కరువొచ్చి డబ్బాలు ఆగిపోతే పొడి తిండికి గిరాకీ పెరిగింది. ఇప్పుడు గిన్నెలో గలగలమనే గుళికలు 1957లో ప్యూరినా వాళ్ళు తెచ్చిన పద్ధతి, ఉబ్బిన అటుకుల మిషన్‌కి చుట్టమే. ప్రపంచంలో పెద్ద కంపెనీల్లో ఒకటైన మార్స్ ఫ్యాక్టరీ మన సిద్దిపేట జిల్లాలోనే ఉంది. ఇక భద్రత అంటారా, 2007లో ఉత్తర అమెరికాలో గోధుమ గ్లూటెన్ పేరుతో మెలమిన్ కలిసిన సరుకు ఎన్నో బ్రాండ్ల ప్యాకెట్లలోకి వెళ్ళి, కుక్కలూ పిల్లులూ కిడ్నీలు పాడై చచ్చిపోయాయి. అయినా మంచి ప్యాకెట్‌లో ఒక లాభం ఉంది, నియాసిన్, కాల్షియం లెక్క ఎవరో ఒకరు వేసి ఉంటారు. ఆ లెక్కలో గోల్డ్‌బర్గర్ కుక్కల కష్టం కూడా ఉంది.

మన వంటింట్లో ఆ లెక్క వేసేవాళ్ళు లేరు. 2013లో కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ వాళ్ళు పుస్తకాల్లో, ఇంటర్నెట్లో దొరికే కుక్క వంటకాలు రెండు వందలు తీసుకుని పరీక్షించారు. తొంభై అయిదు శాతంలో ఏదో ఒక ముఖ్య పోషకం తక్కువ. అందులో డాక్టర్లు రాసినవి కూడా ఉన్నాయి. కాబట్టి నేనిక్కడ రెసిపీ ఇవ్వను. గోళీగాడి లెక్క ఎలా తప్పిందో మాత్రం చెప్తాను. బరువుని 0.75 ఘాతానికి పెంచి డెబ్భైతో గుణిస్తే విశ్రాంతిగా ఉన్న కుక్కకి కావలసిన కేలరీలు వస్తాయి. పన్నెండు కిలోలకి 450. తిరిగే కుక్కకి దాన్ని 1.6తో గుణిస్తే 720. కాల్షియం వెయ్యి కేలరీలకి ఒక గ్రాము, అంటే వాడికి రోజుకి 700 మిల్లీగ్రాముల పైచిలుకు. నేను పెడుతున్నది చికెన్, అన్నం. రెండూ కలిపి ముప్పై మిల్లీగ్రాములు రావడం గగనం. తిండిలో కాల్షియం లేకపోతే శరీరం ఎముకల్లోంచి తీసుకుంటుంది. పిల్ల కుక్కలకైతే కాళ్ళు వంకర్లు పోయి, చిన్న దూకుడుకే విరుగుతాయి. నేను మూడేళ్ళుగా ప్రేమగా పెడుతున్నది అదీ. అడవి అంచు కుక్క ఈ లోటుని పచ్చి ఎముక కొరికి పూడ్చుకుంది. ఉడికించిన ఎముక నేను పెడితే అది పెళుసై, ముక్కలై పేగులో గుచ్చుకుంటుంది, కాబట్టి ఆ దారి కూడా మూసుకుపోయింది.

డాక్టర్ ఒక పోషకాహార నిపుణురాలి దగ్గరికి పంపారు. ఆవిడ రాసిచ్చిన కాగితం ప్రకారం ఇప్పుడు వండుతున్నాం. అన్నం, కొంచెం రాగి, చర్మం తీసిన చికెన్, వారానికోసారి కాస్త లివర్, గుమ్మడికాయ, తూచి వేసే విటమిన్ పొడి, గుడ్డు పెంకు పొడి. పెంకుని ఉడికించి ఎండబెట్టి మెత్తగా దంచితే ఒక టీస్పూన్‌లో రెండు గ్రాముల దాకా కాల్షియం ఉంటుంది, వాడికి అర స్పూన్ కూడా అక్కర్లేదు. ఎక్కువైనా ప్రమాదమే, అందుకే తూకం. ఆ కాగితం గోళీగాడిది. మీ కుక్క వయసు, బరువు, జబ్బులు వేరు, మీ కాగితం మీరు రాయించుకోండి. ఆరు నెలలకోసారి రక్త పరీక్ష. పోయిన నెల కిడ్నీ అంకెలు మామూలుగా వచ్చాయి.

సంక్రాంతికి అమ్మమ్మ హైదరాబాదు వచ్చింది. నేను పొద్దున్నే డిజిటల్ త్రాసు మీద గిన్నె పెట్టి పెంకు పొడి గ్రాముల్లో తూస్తుంటే చాలాసేపు చూసింది. బంగారం తూస్తన్నావా ఏందిరా అంది. కుక్కకి అని చెప్పాను. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది, మా ఆవిడ పోపు గరిటె పట్టుకుని నిలబడి ఉంది.

"ఆగవే అమ్మాయ్," అంది అమ్మమ్మ, "దానికి తీశారా?"